టారన్ (ప్రిడైన్ కథానాయకుడు)

టారన్ అమెరికా రచయిత లాయిడ్ అలెగ్జాండర్ రచించిన 'ది క్రానికల్స్ ఆఫ్ ప్రిడైన్' (ప్రిడైన్ వృత్తాంతాలు) అనే బాలల అద్భుత నవలల పరంపరలో కథానాయకుడు. 1964 నుండి 1968 వరకు ఏటా ఒకటి చొప్పున వెలువడిన ఐదు నవలలలోనూ ఇతడే ప్రధాన పాత్ర. తల్లిదండ్రులెవరో తెలియని అనాథ బాలుడిగా, ఒక చిన్న పొలంలో పందిని సాకే పనివాడిగా కథలో ప్రవేశించిన టారన్, కథాంతానికి ఆ దేశానికి మహారాజు అవుతాడు. అయితే ఇటువంటి కథలలో పాఠకులు సాధారణంగా ఎదురుచూసే "ఇతడు నిజానికి రాజకుమారుడే" అన్న రహస్యం ఇందులో బయటపడదు. చివరి పుట వరకు అతని తల్లిదండ్రులెవరో అతనికి గాని, పాఠకునికి గాని తెలియదు. బాలసాహిత్యంలోని అనేక ఇతర అనాథ నాయకులనుండి టారన్‌ను వేరుచేసే ముఖ్య లక్షణం ఇదే.

రచయిత, రచనా నేపథ్యం

లాయిడ్ అలెగ్జాండర్ 1924 జనవరి 30న ఫిలడెల్ఫియా నగరంలో జన్మించాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో 1943లో అమెరికా సైన్యంలో చేరిన ఆయన, శిక్షణలో భాగంగా కొంతకాలం బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో ఉన్నాడు. అక్కడి కొండలు, ప్రాచీన కోటలు, అక్కడి భాష ఆయన మనసులో బలంగా నాటుకున్నాయి. యుద్ధం ముగిసిన తరువాత చాలాకాలం పెద్దల కోసమే రచనలు చేసి, తరువాత బాలసాహిత్యం వైపు మళ్ళాడు. 1963లో ప్రచురితమైన 'టైమ్ క్యాట్' అనే పిల్లల నవల కోసం విషయసేకరణ చేస్తున్నప్పుడు వేల్స్ పురాణగాథలు మరల ఆయన చేతికి వచ్చాయి. ఆ గాథల నుండే ప్రిడైన్ నవలలు రూపుదిద్దుకున్నాయి. ఆయన 2007 మే 17న మరణించాడు.

ఈ పరంపరలోని ఐదు నవలలు ఇవి:

1. ది బుక్ ఆఫ్ త్రీ - 'మూడింటి గ్రంథం' (1964)
2. ది బ్లాక్ కాల్డ్రన్ - 'నల్ల కొప్పెర' (1965)
3. ది కాజిల్ ఆఫ్ లిర్ - 'లిర్ కోట' (1966)
4. టారన్ వాండరర్ - 'సంచారి టారన్' (1967)
5. ది హై కింగ్ - 'మహారాజు' (1968)

కథాలోకం

ప్రిడైన్ ఒక కల్పిత దేశం. వెల్ష్ భాషలో ఈ పదానికి బ్రిటన్ అని అర్థం. ఈ దేశంలో అనేక చిన్న రాజ్యాలు, వాటిపైన డాన్ వంశపు మహారాజు ఉంటారు. దేశానికి ఒక మూలన అనూవిన్ అనే మృత్యుభూమి ఉంది. దాని ప్రభువు అరాన్ మనుషులనుండి వారి విద్యలను, పనిముట్ల రహస్యాలను అపహరించి తన కోటలో దాచుకున్నాడు. ఒక నల్లని కొప్పెరలో మృతవీరుల శవాలను వేసి, వారిని మాటలేని, చావులేని సైనికులుగా తిరిగి లేపుతూ ఉంటాడు.

ఈ దేశంలోనే డాల్‌బెన్ అనే మాంత్రికుని పేరిట కేర్ డాల్‌బెన్ అనే చిన్న పొలం ఉంది. డాల్‌బెన్ వయస్సు 379 సంవత్సరాలు. పొలం పనులు చూసే కోల్ ఒకప్పటి గొప్ప యోధుడు, ఇప్పుడు కూరగాయలు పండించుకోవడమే అతనికి ఇష్టమైన పని. వీరితోపాటు హెన్ వెన్ అనే తెల్ల పంది కూడా అక్కడ ఉంటుంది. ఇది భవిష్యత్తు చెప్పగల పంది. అక్షరాలు చెక్కిన పుల్లలను ముందుంచితే, వాటిని ముట్టెతో చూపి సమాధానం చెబుతుంది.

పాత్ర పరిచయం

మొదటి నవల ఆరంభంలో టారన్ కత్తి తయారుచేయాలని ఉబలాటపడతాడు. కోల్ మాత్రం గుర్రపు లాడాలు చేయమంటాడు. పొలంలో గుర్రమే లేకపోయినా లాడాలే చేయాలి. తనకు ఒక పేరు గాని, హోదా గాని లేదని టారన్ విసుగుపడినప్పుడు, కోల్ అతనికి అక్కడికక్కడే 'సహాయ పందుల కాపరి' అనే పదవిని ప్రసాదిస్తాడు. ఈ పదవి మొదట నవ్వు పుట్టిస్తుంది. తరువాతి నాలుగు నవలలలో రాజులు, రాజకుమారులు ఇదే పేరుతో అతనిని ఎగతాళి చేస్తారు. చివరకు టారన్ దానిని సిగ్గుపడకుండా తన పేరుతో చెప్పుకోగల స్థితికి ఎదుగుతాడు. 'టారన్' అంటే వెల్ష్ భాషలో 'ఉరుము' అని అర్థం.

ఆరంభంలో టారన్ తొందరపాటు, కోపం, గొప్పలకు పోయే గుణం ఉన్న సామాన్య బాలుడు. వీరుడంటే మెరిసే కవచం తొడుక్కున్నవాడని అతని నమ్మకం. తాను ఆరాధించే రాజకుమారుడు గ్విడియన్ మాసిన బట్టలతో, నెరిసిన జుట్టుతో ఎదురైనప్పుడు అతడే గ్విడియన్ అంటే టారన్ నమ్మలేకపోతాడు. మనిషిని పైరూపంతో కొలవరాదన్నది అతడు నేర్చుకున్న మొదటి పాఠం.

నవలల వారీగా టారన్ ప్రస్థానం

మూడింటి గ్రంథం

ఒకనాడు హెన్ వెన్ భయపడి పొలం నుండి పారిపోతుంది. దానిని వెతుకుతూ అడవిలోకి వెళ్ళిన టారన్, అరాన్ సేనాని అయిన 'కొమ్ముల రాజు' బారినపడి గాయపడతాడు. గ్విడియన్ అతనిని కాపాడుతాడు. తరువాత ఇద్దరూ మంత్రగత్తె అక్రెన్ చేతికి చిక్కుతారు. ఆమె కోటలో పెరుగుతున్న ఐలాన్వీ అనే బాలిక టారన్‌ను చెరనుండి విడిపిస్తుంది. శత్రుసేన వస్తున్నదన్న వార్తను డాన్ వంశీయుల రాజధానికి చేర్చే భారం టారన్‌పై పడుతుంది. దారిలో డిర్న్‌విన్ అనే మహిమగల ఖడ్గాన్ని ఒర నుండి లాగబోయి అతడు చేయి కాల్చుకుంటాడు. చివరకు కొమ్ముల రాజును నాశనం చేసేది టారన్ కాదు, గ్విడియన్. తాను చేసినది ఏమీ లేదని టారన్ బాధపడతాడు.

నల్ల కొప్పెర

అరాన్ కొప్పెరను అపహరించి నాశనం చేయడానికి వీరుల బృందం బయలుదేరుతుంది. అందులో ఎల్లిడిర్ అనే రాజకుమారుడు ఉన్నాడు. కడగొట్టు కొడుకైన ఇతనికి మిగిలినవి వంశం పేరు, ఒక ఖడ్గం మాత్రమే. కనుక వంశం లేని టారన్‌ను అడుగడుగునా అవమానిస్తాడు. ఇందుకు భిన్నంగా ఆడావన్ అనే గాయకుడు టారన్‌ను తమ్మునిలా చూస్తాడు. అతడు మరణించినప్పుడు అతని మహిమగల పతకం టారన్‌కు దక్కుతుంది. ఆ పతకం ధరించినవారికి దూరదృష్టి, వివేకం కలుగుతాయి. మోర్వా చిత్తడి నేలల్లో నివసించే ముగ్గురు మంత్రగత్తెలు కొప్పెరకు బదులుగా విలువైనది ఏదైనా ఇమ్మన్నప్పుడు టారన్ ఆ పతకాన్నే ఇచ్చివేస్తాడు. బ్రతికున్న మనిషి ఇష్టపూర్వకంగా లోపలికి దూకితే తప్ప కొప్పెర పగలదు. చివరకు ఎల్లిడిర్ అందులోకి దూకి దానిని పగలగొట్టి తన ప్రాణాన్ని అర్పిస్తాడు.

లిర్ కోట

ఐలాన్వీ రాచమర్యాదలు నేర్చుకోవడానికి మోనా ద్వీపానికి వెళుతుంది. ఆమెపై తనకున్నది ప్రేమ అని టారన్ గ్రహించేది ఇక్కడే. ఆ ద్వీపపు రాజు తన కుమారుడు రూన్‌ను ఆమెకిచ్చి వివాహం చేయదలచి, ఏ పనీ సక్రమంగా చేయలేని ఆ కుర్రవానిని కాపాడమని టారన్‌నే కోరతాడు. మనసు ఎంత మొరాయించినా టారన్ మాట నిలబెట్టుకుంటాడు.

సంచారి టారన్

ఈ నవలలో యుద్ధాలు తక్కువ. కథ అంతా టారన్ తన పుట్టుకను వెతుక్కోవడమే. దీనిని క్రింద ప్రత్యేకంగా వివరించడమైనది.

మహారాజు

అరాన్ టారన్ రూపం ధరించి గ్విడియన్‌ను మోసగించి డిర్న్‌విన్ ఖడ్గాన్ని అపహరిస్తాడు. టారన్ తనకు పరిచయమైన గ్రామీణులను కూడగట్టి యుద్ధానికి నడిపిస్తాడు. వారి పతాకం మీద ఐలాన్వీ కుట్టిన తెల్ల పంది బొమ్మ ఉంటుంది. ఈ యుద్ధంలో కోల్, రూన్ మరణిస్తారు. చివరకు డిర్న్‌విన్ టారన్ చేతికి చిక్కుతుంది. దానితో అతడు కొప్పెర నుండి పుట్టిన ఒక సైనికుని వధించగానే మిగిలినవారందరూ కూలిపోతారు. పాము రూపంలో వచ్చిన అరాన్ కూడా ఆ ఖడ్గానికే బలి అవుతాడు.

పుట్టుక కోసం అన్వేషణ

నాలుగవ నవల 'సంచారి టారన్' ఈ పాత్రకు కేంద్రం వంటిది. ఐలాన్వీ రాజకుమారి. ఆమెను పెండ్లాడమని అడగాలంటే తాను కూడా ఉన్నత వంశంలో పుట్టి ఉండాలని టారన్ భావిస్తాడు. డాల్‌బెన్ అతనికి ఏమీ చెప్పడు గాని, వెళ్ళడానికి అడ్డుచెప్పడు. మోర్వాలోని మంత్రగత్తెలు లునెట్ అద్దంలో చూస్తే తానెవరో తెలుస్తుందని సూచిస్తారు. ఆ అద్దం ఎక్కడో దూరపు పర్వతాలలో ఉంది.

ఈ ప్రయాణంలో టారన్‌కు తండ్రి కాగలవారు పలువురు ఎదురుకావడం గమనించదగిన విషయం. కుమారుని కోల్పోయిన ఏడన్ అనే పేద రైతు తమ ఇంట ఉండిపొమ్మంటాడు. ఇద్దరు సామంతులు పశువుల మంద కోసం పోట్లాడుకొని ఆ రైతు పంటను తొక్కించివేసినప్పుడు, తీర్పు ఎలా చెప్పాలో తోచని స్మాయిట్ రాజుకు టారన్ ఒక ఉపాయం చెబుతాడు. ఆ సామంతులిద్దరూ కలిసి రైతు పొలాన్ని బాగుచేసి మరల విత్తాలి. మందను ఒకడు రెండుగా విభజించాలి, తన వాటాను ముందుగా రెండవవాడు ఎన్నుకోవాలి. ఈ తీర్పుకు సంతోషించి స్మాయిట్ అతనిని దత్తత తీసుకుంటానంటాడు. రాజ్యం ఎదురుగా వచ్చినా, తన అసలు పుట్టుక తెలియాలన్న పట్టుదలతో టారన్ వినయంగా కాదంటాడు.

తరువాత అతడు కొండలలో ఒంటరిగా బ్రతుకుతున్న క్రాడక్ అనే కుంటి గొర్రెల కాపరిని కలుసుకుంటాడు. తన భార్య ప్రసవంలో మరణించిందని, పసికందును డాల్‌బెన్ తీసుకువెళ్ళాడని, ఆ బిడ్డడే టారన్ అని క్రాడక్ చెబుతాడు. టారన్ వెతికినది దొరికింది. కాని దొరికినది రాజవంశం కాదు, కూలిపోతున్న గుడిసె, నాలుగు గొర్రెలు. ఐలాన్వీని పొందే ఆశ పోయిందని అతని మనసు కుంగిపోతుంది. అయినా కుమారుని ధర్మంగా అక్కడే ఉండి గోడలు కడతాడు, మందను కాస్తాడు. అయితే లోలోపల తండ్రిపై ద్వేషం పెరుగుతూనే ఉంటుంది.

ఒక చలికాలపు రోజున క్రాడక్ లోయలోకి జారిపడతాడు. క్రిందికి దిగి కాపాడాలా, వదలివేసి స్వేచ్ఛగా వెళ్ళిపోవాలా అన్న ఆలోచన క్షణకాలం టారన్ మనసులో మెదులుతుంది. వెంటనే తన ఆలోచనకు తానే భయపడి, ప్రాణాలకు తెగించి లోయలోకి దిగుతాడు. అప్పుడు క్రాడక్ నిజం చెబుతాడు. అతని బిడ్డ పుట్టినప్పుడే మరణించాడు. ఒంటరితనం భరించలేక, మరొక మనిషి తోడు కోసం అబద్ధమాడాడు. టారన్ ఎంత ప్రయత్నించినా క్రాడక్ బ్రతకడు. ఈ ఘట్టంలో టారన్‌ను వేధించేది క్రాడక్ ఆడిన అబద్ధం కాదు, ఆ ఒక్క క్షణం తన మనసులో మెదిలిన ఆలోచన. ఉన్నత వంశం కోసం వెతికిన తనలో అంత నీచత్వం ఉన్నదా అని అతడు సిగ్గుపడతాడు. పిల్లల కోసం వ్రాసిన నవలలో కథానాయకుని మనసులోని చీకటిని ఇంత సూటిగా చూపడం ఆ కాలానికి సాహసమే.

వృత్తి విద్యలు, లునెట్ అద్దం

ఈ సంఘటన తరువాత టారన్ 'సంచారి' అన్న పేరు మాత్రమే చెప్పుకొంటూ, కామట్లు అని పిలువబడే గ్రామాలకు చేరుకుంటాడు. ఈ గ్రామాలకు సామంతులు లేరు. ఇక్కడివారికి వంశంతో పనిలేదు, పనితనమే గౌరవం. ఇక్కడ టారన్ నలుగురి వద్ద పాఠాలు నేర్చుకుంటాడు.

* లానియో - పెద్ద కుటుంబం ఉన్న పేదవాడు. నదిలో వలపన్ని, కొట్టుకువచ్చిన ప్రతి వస్తువును ఏదో ఒక పనికి వాడుకుంటాడు. అదృష్టమంటే కళ్ళు తెరచుకొని ఉండడమేనని ఇతని వద్ద టారన్ తెలుసుకుంటాడు.
* హెవిడ్ - కమ్మరి. కొలిమి వద్ద ఎంతో శ్రమపడి టారన్ చేసిన మొదటి ఖడ్గం పరీక్షలో ముక్కలవుతుంది. అందంగా లేకపోయినా రెండవది నిలుస్తుంది.
* డ్వివాక్ - మగ్గంపై నేసే వృద్ధురాలు. నేత కొంత సాగిన తరువాత అల్లిక టారన్‌కు నచ్చదు. అంతా విప్పి మరల మొదటినుండి నేయవలసి వస్తుంది.
* ఆన్‌లా - కుమ్మరి. సారెపై మట్టిని మలిచే ఈ పని టారన్‌కు అన్నింటికంటె ప్రీతిపాత్రమవుతుంది.

ఖడ్గం చేయగలిగాడు, వస్త్రం నేయగలిగాడు. ఆ రెండు పనులూ తన జీవితానికి చాలవని అతనికి అనిపించింది. కుండలు చేయడం అతనికి ప్రాణం, కాని అందులో ఆన్‌లాకు ఉన్న ప్రతిభ తనకు లేదని, ఎంత కృషి చేసినా రాదని గ్రహిస్తాడు. మనసుపెట్టి కష్టపడితే ఏదైనా సాధ్యమేనని చెప్పే బాలల కథలు చాలా ఉన్నాయి. కష్టపడినా అందని విద్య ఒకటి ఉండవచ్చునని, దానిని అంగీకరించి కూడా మనిషి నిండుగా జీవించవచ్చునని చెప్పే కథలు అరుదు.

చివరకు టారన్ లునెట్ అద్దాన్ని చేరుకుంటాడు. అది ఒక గుహలోని చిన్న నీటి మడుగు మాత్రమే. అందులో అతనికి కనిపించినది తన ముఖమే. తన బలహీనతలు, తప్పులు, నేర్చుకున్న పనులు, తెచ్చుకున్న అలసట అన్నీ కలిసిన తానే. ఎవరికి పుట్టాడన్నదానికన్న, తనను తాను ఎలా మలచుకున్నాడన్నదే ముఖ్యమని అతనికి స్పష్టమవుతుంది. వెతికినది దొరకకుండానే అన్వేషణ ముగుస్తుంది.

డిర్న్‌విన్ ఖడ్గంపై లేఖనం

జన్మకు, యోగ్యతకు మధ్యనున్న సంబంధాన్ని రచయిత డిర్న్‌విన్ ఖడ్గం ద్వారా కూడా సూచించాడు. దాని ఒరపై ప్రాచీన లిపిలో ఒక లేఖనం ఉంది. రాజరక్తం కలవారు మాత్రమే దీనిని దూయాలని ఐలాన్వీ మొదటి నవలలో దానిని చదువుతుంది. అయితే 'రాజరక్తం' అని చదివిన ఆ మాటకు 'ఉత్తమ యోగ్యత' అన్న అర్థం ఉన్నదని తరువాత తెలుస్తుంది. మొదటి నవలలో చేయి కాల్చుకున్న టారన్, ఐదవ నవలలో అదే ఖడ్గాన్ని దూయగలుగుతాడు. ఈ రెండు సందర్భాల మధ్య అతని రక్తం మారలేదు, మారినది అతని యోగ్యత.

ముగింపు, జన్మ రహస్యం

అరాన్ మరణానంతరం డాన్ వంశీయులు, మాయాశక్తులు కలవారందరూ ప్రిడైన్‌ను విడిచి, వార్ధక్యం, దుఃఖం లేని 'వేసవి దేశానికి' వెళ్ళిపోవాలి. టారన్‌కు కూడా ఆ అవకాశం లభిస్తుంది. ఐలాన్వీ అతనితో వివాహానికి అంగీకరిస్తుంది. అయితే ఆ రాత్రి టారన్‌కు నిద్రపట్టదు. కోల్ తోట సాగుచేయాలి, రూన్ మొదలుపెట్టిన సముద్రపు గోడ పూర్తికావాలి, బీడుపడిన ఎర్ర పొలాలు మరల పండాలి. చనిపోయినవారి అసంపూర్ణ కార్యాలు చేసేవారు లేరు. మరునాడు అతడు తాను ఇక్కడే ఉంటానని ప్రకటిస్తాడు.

అప్పుడే డాల్‌బెన్ నిజం చెబుతాడు. చాలాకాలం క్రితం 'మూడింటి గ్రంథం'లో, డాన్ వంశం వెళ్ళిపోయిన తరువాత ఏ హోదా లేనివాడొకడు మహారాజు అవుతాడని అతడు చదివాడు. అటువంటివాని కోసం తిరుగుతుండగా ఒక యుద్ధభూమి కనిపించింది. ప్రభువులు, గుడిసెవాసులు పక్కపక్కనే చచ్చిపడి ఉన్నారు. చెట్ల మధ్య దాచిన ఒక పసిబిడ్డ ఏడుస్తున్నాడు. ఆ బిడ్డ ఎవరికి పుట్టాడో తెలిపే గుర్తు ఏదీ లేదు. తెలుసుకునే మార్గం కూడా లేదు. టారన్ ఏ వంశానికీ చెందడు కనుకనే, మరొక విధంగా చెప్పాలంటే, అందరికీ చెందుతాడు కనుకనే మహారాజు కాగలిగాడు.

అయితే గ్రంథంలో ఉన్నది కేవలం సాధ్యత మాత్రమేనని కథ స్పష్టం చేస్తుంది. సుఖమయ దేశాన్ని కాదని దుఃఖమయ దేశాన్ని టారన్ స్వయంగా ఎన్నుకొన్న తరువాతనే భవిష్యవాణి నెరవేరింది. ఐలాన్వీ కూడా తన మాయాశక్తిని వదులుకొని అతనితో ఉండిపోతుంది.

ఇతర ముఖ్య పాత్రలు

* ఐలాన్వీ - లిర్ వంశపు రాజకుమారి. ఈమె కూడా తల్లిదండ్రులు లేని పిల్లే, కాని తన వంశమేదో ఈమెకు తెలుసు. ధైర్యం, సూటిగా మాట్లాడే స్వభావం ఈమె లక్షణాలు.
* గుర్గి - సగం మనిషి, సగం జంతువు వంటి జీవి. ఆకలి, పిరికితనం ఉన్నా విశ్వాసంలో అందరికంటె మిన్న.
* ఫ్ల్యూడర్ ఫ్లామ్ - చిన్న రాజ్యాన్ని వదలి దేశదిమ్మరి గాయకుడైన రాజు. అతిశయోక్తి పలికినప్పుడల్లా ఇతని హార్ప్ వాద్యం తీగ తెగుతుంది. చివరి నవలలో తోటివారు చలికి చనిపోకుండా అదే వాద్యాన్ని మంటలో వేస్తాడు.
* డోలి - అదృశ్యం కావాలని తపించే మరుగుజ్జు.
* డాల్‌బెన్ - టారన్ సంరక్షకుడు. 1973లో వెలువడిన 'ది ఫౌండ్‌లింగ్' కథల సంపుటి ప్రకారం ఇతడు కూడా బుట్టలో దొరికిన అనాథ శిశువే. ఇతనిని మోర్వా మంత్రగత్తెలు పెంచారు.

వెల్ష్ గాథలతో సంబంధం

ప్రిడైన్ నవలలలోని అనేక పేర్లు 'మాబినోగియన్' అనే మధ్యయుగపు వెల్ష్ కథల సంపుటి నుండి, 'త్రయాలు' అనే సంప్రదాయ సాహిత్యం నుండి గ్రహించబడ్డాయి. గ్విడియన్, అరాన్ మాబినోగియన్‌లోని వారే. అక్కడ అరాన్ దుష్టుడు కాడు, పరలోకానికి రాజు. తెల్ల పంది హెన్ వెన్, దాని కాపరి కోల్ 'త్రయాల'లో కనిపిస్తారు. మృతులను బ్రతికించే కొప్పెర, దానిలోకి బ్రతికున్నవాడు దూకి దానిని పగలగొట్టడం మాబినోగియన్‌లోని బ్రాన్‌వెన్ కథలో ఉన్నాయి. కథానాయకుడైన టారన్‌కు మాత్రం ఆ గాథలలో మూలపురుషుడు లేడు. ఇతడు రచయిత సొంత సృష్టి. ప్రాచీన వీరుల మధ్య ఏ పురాణానికీ చెందని బాలుని నిలబెట్టడం కథాంశానికి తగినట్లే ఉన్నది.

అనాథ నాయకుల సంప్రదాయంలో టారన్ స్థానం

ఎవరింటనో పెరిగిన బాలుడు చివరకు రాజవంశీయుడని తేలడం ప్రపంచ కథాసాహిత్యంలో అతి ప్రాచీనమైన ఇతివృత్తం. బ్రిటన్ గాథలలో ఆర్థర్ పరాయి ఇంట పెరిగి, రాతినుండి ఖడ్గాన్ని లాగి తాను రాజకుమారుడనని నిరూపించుకుంటాడు. మహాభారతంలో సూతుని ఇంట పెరిగిన కర్ణుడు కుంతీపుత్రుడని తెలుస్తుంది. జానపద కథలలో పుట్టుమచ్చలు, ఉంగరాలు ఈ పనికే ఉపయోగపడతాయి. ఈ కథలు పైకి పేదవాని గెలుపును చెబుతున్నట్లు కనిపించినా, గెలిచినవాడు పేదవాడు కాదని చివరకు చెబుతాయి.

అలెగ్జాండర్ ఈ ఇతివృత్తాన్నే తీసుకొని, దానిలోని ఉంగరాన్ని తొలగించాడు. "కులం కన్న గుణం ప్రధానం" అన్న నానుడి తెలుగువారికి సుపరిచితమే. కాని కథలో ఆ మాట నిజం కావాలంటే నాయకునికి కులం దొరకకుండా ఉండాలి. టారన్ కథలో జరిగినది అదే. తమ పుట్టుక గురించి సిగ్గుపడే పిల్లలకు, తామెవరో తెలియని పిల్లలకు, "ఏదో ఒకనాడు నీవు గొప్పవాని బిడ్డవని తెలుస్తుంది" అన్న ఆశను ఈ నవలలు ఇవ్వవు. అది తెలియకపోయినా లోటులేదన్న ధైర్యాన్ని ఇస్తాయి.

పురస్కారాలు

'నల్ల కొప్పెర' నవలకు 1966లో న్యూబెరీ గౌరవ పురస్కారం, 'మహారాజు' నవలకు 1969లో న్యూబెరీ పతకం లభించాయి. న్యూబెరీ పతకం అమెరికా బాలసాహిత్యంలో అత్యున్నతమైన పురస్కారాలలో ఒకటి.

చలనచిత్రం

మొదటి రెండు నవలల ఆధారంగా వాల్ట్ డిస్నీ సంస్థ 'ది బ్లాక్ కాల్డ్రన్' అనే యానిమేషన్ చిత్రాన్ని నిర్మించి 1985 జూలై 24న విడుదల చేసింది. టెడ్ బెర్మన్, రిచర్డ్ రిచ్ దర్శకులు. టారన్ పాత్రకు గ్రాంట్ బార్డ్స్‌లీ గాత్రదానం చేశాడు. పిల్లలు తల్లిదండ్రుల సలహాతో చూడవలసిన చిత్రంగా అమెరికాలో వర్గీకరించబడిన మొదటి డిస్నీ యానిమేషన్ చిత్రం ఇదే. వ్యాపారపరంగా ఇది విఫలమైంది. చిత్రంలో గ్విడియన్, ఎల్లిడిర్ లేరు. కొప్పెరలోకి దూకేది గుర్గి. నాలుగవ నవలలోని అన్వేషణకు ఇందులో చోటులేదు గనుక, చిత్రం మాత్రమే చూసినవారికి టారన్ సాహసాలు తెలుస్తాయి గాని టారన్ తెలియడు.

విశేషాలు

* చివరి నవలలో మోర్వా మంత్రగత్తెలు టారన్ జీవితాన్ని చిత్రించిన ఒక నేత వస్త్రాన్ని అతనికి బహూకరిస్తారు. అది సగంలో ఆగి ఉంటుంది. మిగిలినది అతడే నేసుకోవాలి.
* టారన్ సైన్యపు పతాకంపై హెన్ వెన్ కళ్ళను ఐలాన్వీ నీలి రంగులో కుట్టింది. నిజానికి ఆ పంది కళ్ళు గోధుమ రంగువి.